మొదటిసారి గైనకాలజిస్టు దగ్గరికి: టీనేజీ అమ్మాయిలు తెలుసుకోవలసిన విషయాలు

గైనకాలజిస్టు అంటే కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు కలగనివాళ్లు వెళ్లే డాక్టరన్న అభిప్రాయం మన ఇళ్లలో ఇంకా బలంగానే ఉంది. అందువల్ల పద్నాలుగేళ్ల అమ్మాయి నెలనెలా కడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్నా, మూడు నెలలుగా డేట్ రాకపోయినా, "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని సరిపెట్టడమో, వీధి చివరి మందుల షాపు నుంచి ఒక మాత్ర తెచ్చి మింగించడమో జరుగుతుంది. అమ్మాయి వైపు నుంచి చూస్తే భయం మరొకటి: అక్కడ బట్టలు విప్పమంటారేమో, లోపల ఏదో పెట్టి చూస్తారేమో, అడగకూడనివి అడుగుతారేమో అని. నిజానికి ఈ వయసులో మొదటి సందర్శనలో జరిగేది చాలావరకు మాటలే. డాక్టరు నిర్ణయం ఎక్కువగా అమ్మాయి చెప్పే వివరాల మీదే ఆధారపడుతుంది కనుక, ఆ వివరాలను తన నోటితో తానే చెప్పగలిగేలా సిద్ధపడి వెళ్లడమే అసలు పని. ఈ మార్గదర్శి ప్రధానంగా ఆ సిద్ధపాటు గురించే.

1. వెళ్లాలా, ఆగి చూడాలా?

నెలసరి మొదలైన తొలి రెండు మూడేళ్లలో క్రమం తప్పడం సహజం. మెదడు నుంచి అండాశయాలకు హార్మోన్ల ద్వారా అందే సంకేతాలు కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. కాబట్టి టీనేజీలో 28 రోజుల లెక్క పట్టుకుని కంగారు పడనక్కరలేదు. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు 21 నుంచి 45 రోజుల మధ్య ఎంత ఉన్నా, రక్తస్రావం 7 రోజుల లోపు ఆగిపోతుంటే, సాధారణంగా ఆగి చూడవచ్చు. మొదటి నెలసరికి కొన్ని నెలల ముందు నుంచే కనిపించే పల్చని, వాసన లేని తెల్లబట్ట కూడా జబ్బు కాదు.

ఇవి ఉంటే మాత్రం వెళ్లాలి. 13 ఏళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలు కాకపోవడం, 15 ఏళ్లు నిండినా పెద్దమనిషి కాకపోవడం, ఒకసారి వచ్చాక 90 రోజులు దాటినా మళ్లీ రాకపోవడం, 7 రోజులు దాటినా స్రావం ఆగకపోవడం, ప్యాడ్ గంటా రెండు గంటలకే నిండిపోవడం, పది రూపాయల నాణెం కంటే పెద్ద గడ్డలు పడటం, నొప్పి వల్ల బడి లేదా కాలేజీ మానేయవలసి రావడం, తెల్లబట్ట పెరుగు విరిగినట్టు ఉండటం లేదా దురద, దుర్వాసన ఉండటం, గడ్డం మీద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, అన్నీ కలిసి వచ్చేదాకా ఎదురు చూడకూడదు.

చాలామందికి తెలియని పరిస్థితి మరొకటి ఉంది. అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదు, కానీ నెలకోసారి మూడు నాలుగు రోజులు పొత్తికడుపులో నొప్పి వచ్చి పోతుంటుంది. కొందరిలో యోని ముఖద్వారం దగ్గరి పొరకు పుట్టుకతోనే రంధ్రం ఉండదు. నెలసరి రక్తం బయటికి రాలేక లోపలే నిలిచిపోతుంది. చిన్న శస్త్రచికిత్సతో పూర్తిగా నయమయ్యే ఈ సమస్యను అజీర్ణం అనుకుని నెలల తరబడి వాము నీళ్లతో గడిపేస్తారు.

ఒక పక్క కడుపులో అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి, దానితో వాంతులు వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. అండాశయం మెలిపడినప్పుడు ఇలాగే ఉంటుంది, గంటల్లో వైద్యం అందకపోతే అండాశయమే దెబ్బతినవచ్చు. గంటకో ప్యాడ్ చొప్పున తడుస్తూ కళ్లు తిరుగుతున్నా అంతే, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఎవరైనా ఇష్టం లేకుండా తాకినా, లైంగికంగా హింసించినా అదీ ఆలస్యం చేయకూడని విషయమే. 72 గంటల లోపు చేరితే గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా మందులు ఇవ్వడానికి వీలుంటుంది. ఆ తర్వాతైనా వెళ్లడం అవసరమే. ప్రభుత్వ ఆసుపత్రి గానీ ప్రైవేటు ఆసుపత్రి గానీ బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స ఇవ్వాలని చట్టం చెబుతోంది. ముందుగా పోలీసు కేసు పెట్టి రమ్మనడానికి వీల్లేదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది.

2. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అందరికీ మొదటే పెద్ద గైనకాలజిస్టు అవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు నెలసరి నొప్పి, రక్తహీనత వంటివి చూసి, అవసరమైతే ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో రాసి పంపుతారు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార వయసు వారి కోసం కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు నడుస్తున్నాయి. మీ ప్రాంతంలో ఎక్కడ ఉందో ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడగవచ్చు. హైదరాబాద్‌లో కోఠి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులు, విశాఖపట్నంలో ఘోషాసుపత్రి వంటివి పేరుకు ప్రసూతి ఆసుపత్రులే అయినా, అక్కడి గైనిక్ ఓపీలో పెళ్లికాని అమ్మాయిలనూ చూస్తారు. ఓపీ సాధారణంగా ఉదయం పూటే కనుక చీటీ కోసం పెందలాడే వెళ్లడం మంచిది. ఆధార్ కార్డు, పాత చీటీలు, రిపోర్టులు వెంట ఉండాలి.

ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లేటట్లయితే ముందే ఫోన్ చేసి, అమ్మాయి వయసు, సమస్య చెప్పి, రద్దీ తక్కువగా ఉండే సమయం అడగడం మేలు. నిండు చూలాళ్ల మధ్య యూనిఫాంలో రెండు గంటలు కూర్చుని, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకోవలసి రావడం చాలామంది అమ్మాయిలను రెండోసారి రాకుండా చేస్తోంది.

లేడీ డాక్టరే కావాలని అడగడంలో తప్పు లేదు. మగ డాక్టరే ఉంటే, పరీక్ష చేసేటప్పుడు మరో స్త్రీ గదిలో ఉండాలని కోరడం రోగి హక్కు. అది నర్సు కావచ్చు, అమ్మ కావచ్చు.

3. ముందుగా రాసుకోవలసినవి

ఈ అడుగు మిగతా అన్నింటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "చివరిసారి డేట్ ఎప్పుడు వచ్చింది?" అన్నదే. దానికి "పోయిన నెల చివర్లో" అనో, "వినాయక చవితికి ముందు" అనో జవాబిస్తే పని జరగదు. వంటింటి క్యాలెండరు మీద చుట్టిన సున్నా అయినా ఫరవాలేదు, ఫోన్‌లోని యాప్ అయినా ఫరవాలేదు, తేదీ ఉండాలి. ఒక నోట్‌బుక్కులో ఇలా రాస్తే చాలు:

"జూన్ 4 ఉదయం మొదలైంది. మొదటి రోజు 5 ప్యాడ్లు. రెండో రోజు 6, రాత్రి పక్క తడిసింది. నొప్పి మాత్ర రెండుసార్లు. కాలేజీకి వెళ్లలేదు. జూన్ 10న ఆగింది. మళ్లీ జూలై 11న వచ్చింది."

ఈ నాలుగు ముక్కల్లో డాక్టరుకు కావలసినదంతా ఉంది. లెక్క మొదటి రోజు నుంచి మొదటి రోజుకే చూడాలి కనుక ఇక్కడ వ్యవధి 37 రోజులు. చాలామంది స్రావం ఆగిన జూన్ 10 నుంచి లెక్కపెట్టి 31 రోజులని చెబుతారు. 37 రోజులు ఈ వయసుకు మామూలే. డాక్టరు దృష్టి పడేది రెండో రోజు మీద, అంటే ఆరు ప్యాడ్లు, తడిసిన పక్క, మానేసిన కాలేజీ మీద. కనీసం రెండు మూడు నెలలు ఇలా రాసుకుని వెళితే మంచిది. కానీ బాధ ఎక్కువగా ఉంటే రాత కోసం ఆగకుండా ఉన్న వివరాలతోనే వెళ్లాలి.

మొదటిసారి ఏ వయసులో వచ్చింది, ఈ ఏడాదిలో బరువు పెరిగిందా తగ్గిందా, ఆయుర్వేదం, హోమియోపతి సహా ఏ మందులు వాడుతున్నారు, దేనికైనా ఎలర్జీ ఉందా అన్నవి కూడా రాసుకోండి. అమ్మకు, అక్కకు, పెద్దమ్మకు, మేనత్తకు థైరాయిడ్, షుగర్, నెలసరి సమస్యలు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం వంటివి ఉన్నాయేమో ఇంట్లో అడగండి. మొదటి నెలసరి నుంచే స్రావం విపరీతంగా ఉండి, పన్ను పీకించుకున్నప్పుడో ముక్కు నుంచో రక్తం ఆగకపోవడం కూడా ఉంటే ఆ మాట తప్పక చెప్పాలి. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే లోపం కొందరిలో ఇలాగే బయటపడుతుంది.

4. ఇంట్లో చెప్పడం, బయలుదేరడం

అమ్మతో చెప్పడం కష్టమైతే అక్కతోనో పిన్నితోనో మొదలుపెట్టవచ్చు. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండేవాళ్లు వార్డెన్‌కో అక్కడి నర్సుకో చెప్పాలి. చెప్పేటప్పుడు "ఒంట్లో బాగోలేదు" అనడం కంటే "ఈ నెల మూడు రోజులు బడి మానేశాను, డాక్టరుకు చూపించుకోవాలి" అనడం పని చేస్తుంది.

బయట చేరినప్పుడు ఆసుపత్రికి వెళ్లకూడదన్న నియమమేదీ లేదు. స్రావం ఎక్కువన్నదే సమస్య అయితే ఆ రోజుల్లోనే వెళ్లడం మేలు. పొట్ట చూడటానికి వీలుగా చుడీదారో, పై వస్త్రం కింది వస్త్రం వేరుగా ఉన్న మరేదైనా దుస్తులో వేసుకుంటే సరిపోతుంది. మామూలుగా స్నానం చేయడం తప్ప ప్రత్యేకమైన సబ్బులు, ద్రావణాలు వాడనక్కరలేదు, వెంట్రుకలు తీసేసుకోనక్కరలేదు. స్కానింగ్ ఉండవచ్చని చెబితే గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. మూత్రాశయం నిండుగా ఉంటేనే దాని వెనకున్న గర్భసంచి, అండాశయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

5. డాక్టరు గదిలో

ముందు నర్సు ఎత్తు, బరువు, బీపీ చూస్తుంది. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. మన దగ్గర తరచుగా జరిగేది ఇది:

"ఎన్నాళ్లకోసారి వస్తుందమ్మా నీకు?"

"నెలనెలా వస్తుందండీ, కాస్త ఎక్కువ అవుతుందంతే" అని అమ్మ అందుకుంటుంది.

అమ్మ ఉద్దేశం మంచిదే. కానీ రాత్రి పక్క తడవడం, క్లాసులో బెంచీ మీద నుంచి లేవడానికి భయపడటం అమ్మకు తెలియకపోవచ్చు. అందుకని నోట్‌బుక్కు మీ చేతిలో ఉంచుకుని, జవాబు మీరే చెప్పండి. అమ్మ కలిపితే కలపనివ్వండి.

"పెళ్లయిందా?" అనీ అడుగుతారు. ఈ ప్రశ్నతో డాక్టరు తెలుసుకోదలచినది లైంగిక సంబంధం ఉందా అని. పెళ్లి పేరుతో అడగడం ఒక అలవాటుగా వస్తోంది, అది మంచి అలవాటు కాదని నేననుకుంటాను. కొందరు నేరుగానే అడుగుతారు. నెలసరి ఆగిపోయినప్పుడు మూత్రంతో గర్భపరీక్ష చేయించమని రాయవచ్చు. అది అనుమానించడం కాదు, నెలసరి తప్పిన వాళ్లందరికీ చేసే పరీక్షే. ఈ విషయాల్లో అబద్ధం చెబితే తప్పుడు మందు పడే ప్రమాదం ఉంది. అమ్మ ముందు చెప్పలేని మాట ఉంటే, "డాక్టర్ గారూ, మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనండి. చాలామంది డాక్టర్లు పరీక్ష చేసే నెపంతో అమ్మను కాసేపు బయట కూర్చోమంటారు.

గోప్యత గురించి ఒక నిజం ముందే తెలిసి ఉండాలి. డాక్టరు మీ వివరాలను బయటివాళ్లకు చెప్పకూడదు. అయితే 18 ఏళ్ల లోపు వారికి శస్త్రచికిత్స వంటివి చేయాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం తీసుకుంటారు. అంతేకాక పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారితో లైంగిక సంబంధం జరిగిందని తెలిస్తే, అది ఇష్టపూర్వకమైనదే అయినా, డాక్టరు పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. మైనరు గర్భస్రావం కోసం వచ్చినప్పుడు మాత్రం, ఆ అమ్మాయీ సంరక్షకులూ కోరితే ఆమె పేరు, వివరాలు ఆ సమాచారంలో వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోలీసులకు తెలుస్తుందని భయపడి నాటు వైద్యుల దగ్గరికి, మందుల షాపు మాత్రల వైపు పోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

6. ఒళ్లు చూసేటప్పుడు

కనురెప్పల లోపలి రంగు, నాలుక చూసి రక్తం తక్కువగా ఉందేమో అంచనా వేస్తారు. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథిని తడిమి చూస్తారు. మొటిమలు, గడ్డం మీది వెంట్రుకలు, మెడ వెనక నల్లబడిన చర్మం గమనిస్తారు. ఆ నలుపు మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదనడానికి అదొక గుర్తు కావచ్చు. మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తారు. సాధారణంగా ఇంతే.

దురద, పుండు, పుట్టుకతో వచ్చిన లోపం వంటి అనుమానం ఉంటే బయటి భాగాన్ని కంటితో చూస్తారు. లైంగిక సంబంధం లేని అమ్మాయికి లోపలి పరీక్ష మామూలుగా అవసరం పడదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సరును ముందుగా పసిగట్టే పరీక్షలు మన జాతీయ కార్యక్రమంలో 30 ఏళ్ల నుంచి మొదలవుతాయి కాబట్టి టీనేజీలో వాటి ప్రసక్తే లేదు. ఏ పరీక్ష అయినా ఎందుకో ముందే చెప్పమని అడగవచ్చు, మధ్యలో "ఆపండి" అనవచ్చు.

కన్నెపొర గురించిన భయాన్ని కూడా ఇక్కడే తీర్చేయాలి. ఆ పొర ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుంది, ఆటల వల్లా సాగవచ్చు. దాన్ని చూసి ఎవరి శీలాన్నీ ఏ డాక్టరూ నిర్ధారించలేరు. అలా నిర్ధారించే పరీక్ష అంటూ వైద్యశాస్త్రంలో లేదు. అత్యాచార బాధితులకు చేసే "రెండు వేళ్ల పరీక్ష"ను సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న తప్పుపట్టి, అలా చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని చెప్పింది.

7. స్కానింగ్, రక్తపరీక్షలు

టీనేజీ అమ్మాయికి చేసేది పొట్ట మీద జెల్ రాసి చేసే స్కానింగే. గదిలోకి వెళ్లే ముందు "పొట్ట మీద నుంచే కదా?" అని అడిగి నిర్ధారించుకోండి.

రిపోర్టు వచ్చాక అసలు గందరగోళం మొదలవుతుంది. "అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నాయి, పీసీఓఎస్" అన్న మాట, అంటే హార్మోన్ల తేడా వల్ల నెలసరి క్రమం తప్పే సమస్య పేరు, వినగానే ఇంటిల్లిపాదీ పిల్లలు పుట్టరేమోనని బెంగ పెట్టుకుంటారు. ఆ బుడగలు నిజానికి ఇంకా ఎదగని అండాలున్న చిన్న సంచులు, ఈ వయసులో అవి ఎక్కువగా కనిపించడం మామూలు. అందుకే మొదటి నెలసరి వచ్చి 8 ఏళ్లు కాకముందు స్కానింగ్ ఆధారంగా పీసీఓఎస్ నిర్ధారించకూడదని 2023 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏఎంహెచ్ అనే రక్తపరీక్షతోనూ నిర్ధారించకూడదు. టీనేజీలో ఆ పేరు పెట్టాలంటే నెలసరి క్రమం బాగా తప్పి ఉండాలి, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉన్న గుర్తులూ ఉండాలి, ఇతర కారణాలేవీ లేవని తేలాలి. పన్నెండేళ్ల అమ్మాయికి కేవలం స్కానింగ్ కాగితం చూసి పీసీఓఎస్ అన్నారంటే మరో డాక్టరును అడగడం సబబు. నిజంగా పీసీఓఎస్ ఉన్నా చాలామందికి పిల్లలు కలుగుతారు.

రక్తపరీక్షల్లో సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష), థైరాయిడ్ సాధారణంగా రాస్తారు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. మన రెండు రాష్ట్రాల్లోనూ టీనేజీ అమ్మాయిల్లో సగానికి పైగా దీనితో బాధపడుతున్నారు. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను చెత్తబుట్టలో పడేసేవాళ్లు ఒకసారి ఈ అంకెను గుర్తుచేసుకోవాలి.

8. చీటీలో రాసిన మందులు

నెలసరి నొప్పికి కారణం గర్భసంచి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. మెఫెనమిక్ యాసిడ్, ఇబుప్రొఫెన్ వంటివి వాటి తయారీనే తగ్గిస్తాయి కాబట్టి నొప్పి ముదిరాక కంటే మొదలవగానే, ఏదైనా తిన్న తర్వాత వేసుకుంటే బాగా పని చేస్తాయి. ఆస్తమా, కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చని 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర మొదలుపెట్టాక జ్వరం, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే మానేసి డాక్టరుకు చూపించాలి. మాత్రలు సరిగా వాడినా మూడు నాలుగు నెలల్లో నొప్పి తగ్గకపోతే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది గర్భసంచి బయట పెరగడం) వంటివి ఉన్నాయేమో చూస్తారు. అంత నొప్పి "అందరికీ ఉండేదే" కాదు.

అధిక స్రావానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ గానీ హార్మోన్ మాత్రలు గానీ రాయవచ్చు. హార్మోన్ మాత్రల అట్ట మీద గర్భనిరోధకం అని కనిపించగానే ఇంట్లో గొడవ అవుతుంది. అవి ఇక్కడ స్రావాన్ని, నొప్పిని అదుపు చేయడానికి ఇచ్చినవి, మానేశాక పిల్లలు పుట్టకుండా పోరు. ఆ మాట ఇంట్లోవాళ్లకు డాక్టరు చేతే చెప్పించడం తెలివైన పని. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నా, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఇంట్లో ఉన్నా ముందే చెప్పాలి.

అక్క పెళ్లికో, వ్రతానికో, తిరుమల ప్రయాణానికో డేట్ వాయిదా వేయడానికి షాపులో అడిగి తెచ్చే మాత్రలూ హార్మోన్లే. ఒకసారి వాడితే కొంపలు మునగవు గానీ, డాక్టరును అడగకుండా పండుగ పండుగకీ వాడటం మంచిది కాదు.

ఐరన్ మాత్రను టీ, కాఫీలతో వేసుకోకూడదు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లగా రావడం మామూలే.

9. టీకా సంగతి అడగండి

గర్భసంచి ముఖద్వార క్యాన్సరుకు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్ నుంచి రక్షించే టీకా ఈ వయసులోనే ఎక్కువగా పని చేస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు డోసులు అన్నది ప్రైవేటు క్లినిక్‌లలో సాధారణంగా పాటించే పద్ధతి. ఒక్క డోసు కూడా చాలవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ 2023 నుంచి అందుబాటులో ఉంది. ప్రభుత్వ కేంద్రంలో ఇస్తున్నారేమో ముందు ఏఎన్ఎంను అడగండి.

10. లేచి వచ్చే ముందు

చీటీ చేతికి రాగానే లేవకండి. ఏ మాత్ర ఎన్నాళ్లు, ఎప్పటిలోగా తేడా తెలియాలి, తెలియకపోతే ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆ రోజే రావాలి అన్నవి అడిగి అదే నోట్‌బుక్కులో రాసుకోండి. చీటీకి, రిపోర్టులకు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డాక్టరు విసుక్కున్నా, "పెళ్లి చేసేయండి, తగ్గిపోతుంది" అన్నా, నోట్‌బుక్కు వైపు చూడకుండానే మందులు రాసేసినా, సమస్య చిన్నదని కాదు, ఆ డాక్టరు మీకు సరిపడలేదని అర్థం. రిపోర్టులు మీ దగ్గరే ఉంటాయి కాబట్టి మళ్లీ పరీక్షలు చేయించుకోకుండానే మరొకరికి చూపించవచ్చు.